మూడో లాంగ్ టర్మ్‌కు ఫీజు కట్టే ముందు



కిందటి జూన్ నెలలో ఒక సాయంత్రం చైతన్యపురిలోని మా ఇంటి కింది గదికి పంతొమ్మిదేళ్ల కుర్రవాడు తన తల్లితో కలిసి వచ్చాడు. పదవీ విరమణ చేసిన తరువాత కూడా ఆ గదిలో రోజుకు రెండు గంటలు రోగులను చూస్తూ ఉంటాను. కుర్రవాడికి ఛాతీలో మంట, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం. పరీక్షించి చూశాను. వేళ తప్పిన భోజనమూ, దిగులూ తప్ప శరీరంలో వేరే దోషమేమీ కనిపించలేదు. ఇంటర్ పూర్తయ్యాక రెండేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక హాస్టల్లో ఉండి నీట్ కోసం లాంగ్ టర్మ్ చదివాడట. రెండు సార్లూ సీటు రాలేదు. "మూడోసారికి ఫీజు కట్టడానికే నల్గొండ నుంచి వచ్చాం సార్. కట్టే ముందు మీకు ఒకసారి చూపించి వెళదామని ఆగాం" అన్నది ఆ తల్లి.

మందులు రాస్తూ యథాలాపంగా అడిగాను. "బాబూ, ఇన్నాళ్లుగా డాక్టరు కావాలని చదువుతున్నావు కదా, ఎప్పుడైనా ఏదైనా ఆసుపత్రి వార్డులో ఒక గంట గడిపావా?"

అతడు కొంచెం సేపు ఆలోచించాడు. "లేదు సార్. మా తాతయ్యను ఆసుపత్రిలో చేర్చినప్పుడు వెళదామనుకున్నాను. గ్రాండ్ టెస్టులు ఉన్నాయని ఇంట్లో వద్దన్నారు. ఆయన పోయాకనే నాకు చెప్పారు."

తల్లి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. నేను కలం పక్కన పెట్టాను.

వైద్యవృత్తి కోసం నాలుగేళ్లుగా పగలూ రాత్రీ చదువుతున్న బిడ్డను, తన ఇంట్లోనే మంచం పట్టిన మనిషి దగ్గర కూర్చోనివ్వలేదు. ఆ తల్లిదండ్రులు కఠినులు కారు. ఉన్న పొలంలో కొంత అమ్మి ఫీజులు కట్టినవారు. ఆ మాట విన్ననాటి నుంచి ఈ వ్యాసం రాయాలని అనుకుంటూ వచ్చాను.

మీలో చాలామందికి ఈ దారి పరిచయమే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా రోడ్డుకు రెండు పక్కలా కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి మీద ర్యాంకులు సాధించిన పిల్లల ముఖాలు. అదే రోడ్డు మీద, వాటి నడుమనే, ఆసుపత్రులు, నర్సింగ్ హోములు, డయాగ్నస్టిక్ కేంద్రాలు, మందుల షాపులు. సందుల్లోకి వెళితే సాయంత్రం ఆరు కాగానే షట్టరు ఎత్తే చిన్న క్లినిక్కులు. మలక్‌పేటలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి, వనస్థలిపురంలో మరొకటి. ఒకప్పుడు బత్తాయిల వాసన వచ్చిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కోసం 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే అయిదో స్టేషన్ పేరే ఉస్మానియా మెడికల్ కాలేజీ. ఇంత వైద్యం నడుమ నివసిస్తూ, వైద్యం కోసమే చదువుతూ, రోగిగా తప్ప ఏ ఆసుపత్రి గడపా తొక్కకుండా రెండేళ్లూ మూడేళ్లూ గడిపే పిల్లలు ఇక్కడ వేల సంఖ్యలో ఉన్నారు.

2024లో నీట్ రాసినవారు 23 లక్షలకు పైగా. ఆ ఏడాది దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెం ఎక్కువ. 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఇంత జనంలో ఎవరికి సీటు ఇవ్వాలో తేల్చడానికి ఏదో ఒక కొలత ఉండక తప్పదు. కనుక పరీక్ష మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. మూత్రపిండంలోని నెఫ్రాన్ భాగాలు తెలియనివాడు మంచి వైద్యుడు కాలేడు కూడా. అయితే మూత్రం ఆగిపోయి విలవిలలాడుతున్న వృద్ధుని పక్కన నిలబడగలనా, నిలబడాలని నాకు అనిపిస్తుందా అనే ప్రశ్నను ఆ పరీక్ష అడగదు. ఇల్లూ అడగదు, కోచింగ్ సెంటరూ అడగదు. పిల్లవాడు తనను తాను అడుగుకోవడానికి ఒక్క ఆదివారమైనా మనం ఇవ్వడం లేదు. నా ఫిర్యాదు అది.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ విషయం కొత్త కాదు. అక్కడ వైద్య కళాశాలకు దరఖాస్తు చేసే విద్యార్థి కొంతకాలం వైద్యుల వెంట ఉండి వారి పనిని గమనించి ఉండాలని కళాశాలలు ఆశిస్తాయి. దానిని షాడోయింగ్ అంటారు, అంటే నీడలా వెంట ఉండడం. బ్రిటన్‌లో కూడా రోగులున్న చోట కొంత అనుభవం ఉన్నదా అని చూస్తారు. అక్కడ కూడా ఇది గంటలు కూడబెట్టే వ్యాపారంగా మారుతున్నదన్న మాట నిజమే. వేసవిలో అక్కడి మనవలు ఇక్కడికి వచ్చి, బంధువైన డాక్టరు దగ్గర నాలుగు రోజులు కూర్చుని, నలభై రోజులకు ధ్రువపత్రం అడగడం నేను ఎరుగుదును. నన్ను కూడా ఒకరు అడిగారు. ఇవ్వలేదు. ఆ కుటుంబంతో మాటలు తగ్గాయి.

మన దేశంలో ఇటువంటి నియమం ఏదీ లేదు. 2019 నుంచి అమలైన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరంలోనే విద్యార్థులను రోగుల దగ్గరకు తీసుకువెళ్లే ఏర్పాటు చేశారు. మా కాలంలో అనాటమీ, ఫిజియాలజీ పూర్తయ్యేదాకా రోగి ముఖం చూసేవారం కాము. కనుక ఇది మంచి మార్పే. కాని అది సీటు వచ్చిన తరువాతి మాట. అప్పటికే ఫీజు కట్టేశారు, ఊళ్లో మిఠాయిలు పంచేశారు. ఆ దశలో "ఇది నాకు సరిపడదేమో" అని పిల్లవాడికి అనిపించినా ఎవరికి చెప్పుకుంటాడు? చూడవలసినది ముందే చూడాలి. నియమం లేకపోయినా చూడవచ్చు, ఎవరూ అడ్డుకోరు.

ఎవరి వెంట ఉండి చూడాలి అన్నది అసలు విషయం. ఇక్కడే నేను ఒక పెద్ద పొరపాటు చేశాను. ముందు అది చెప్పుకోవాలి.

దాదాపు పదిహేనేళ్ల కిందట నా మిత్రుని కుమార్తె ఇంటర్ చదువుతుండగా "అంకుల్, డాక్టర్లు ఏం చేస్తారో ఒకసారి చూడాలని ఉంది" అన్నది. ఎంత తెలివైన కోరిక! నేను మురిసిపోయి, నాకు తెలిసినవారిలో అందరికన్నా పేరున్న గుండె శస్త్రచికిత్స నిపుణుణ్ని బతిమాలి, ఒక రోజు ఆమెను ఆయన వెంట పంపాను. ఆకుపచ్చ గౌను వేయించి ఆపరేషన్ థియేటర్లో ఒక మూల నిలబెట్టారు. ఆగిన గుండె మళ్లీ కొట్టుకోవడం ఆ పిల్ల కళ్లారా చూసింది. సాయంత్రం ఆమె ముఖంలో వెలుగు ఇప్పటికీ నాకు గుర్తున్నది. ఆ వెలుగుతోనే చదివి సీటు సాధించింది. ఆరేళ్ల తరువాత హౌస్ సర్జన్సీ చేస్తుండగా ఒకసారి మా ఇంటికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని చివరకు అన్నది: "అంకుల్, మీరు నాకు థియేటర్ చూపించారు. తెల్లవారుజామున మూడు గంటలకు క్యాజువాలిటీ ఎలా ఉంటుందో ఎవరూ చూపించలేదు."

ఆమె వృత్తిని వదలలేదు. పాథాలజీలో ఎండీ చేసి, సూక్ష్మదర్శిని ముందు సంతోషంగానే పని చేస్తున్నది. కాని మధ్యలో ఆమె పడిన రెండు మూడేళ్ల వేదనలో నా వాటా ఉన్నదని అనుకుంటాను. వేయి రోజుల వృత్తిలో ఒక్క పండుగ రోజును చూపించి, రోజూ ఇలాగే ఉంటుందని నమ్మించాను.

మనవాళ్లు సాధారణంగా చేసేది ఇదే. పిల్లవాడికి వైద్యం చూపించాలనుకుంటే, తెలిసినవారిని పట్టుకుని పెద్ద ఆసుపత్రిలోని పెద్ద నిపుణుని దగ్గరకు పంపుతారు. ఆ నిపుణుని వెంట పంపడం చివర పెట్టుకోండి, లేదా మానేయండి. ఆయన చేస్తున్న పని మీ పిల్లవాడికి ఇరవై ఏళ్ల తరువాత దొరికితే దొరకవచ్చు. పద్ధెనిమిదేళ్ల వయసులో అతడికి తెలియవలసినది ఆ శిఖరం ఎలా ఉంటుందో కాదు, దారి ఎలా ఉంటుందో.

నన్ను అడిగితే మొదటి రోజులు స్టాఫ్ నర్సు వెంట గడపాలి. ఈ మాట చెప్పగానే తల్లిదండ్రుల ముఖం మారుతుంది. "మా వాడు నర్సు కావడానికి కాదండీ" అంటారు. తెలుసు. అయినా నర్సు వెంటే ఉండాలి. ఎందుకంటే రోగి అంటే ఏమిటో ఆసుపత్రిలో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వైద్యుడు మంచం దగ్గర నిలబడేది మూడు నిమిషాలు. ఆమె ఉండేది ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు. ఎల్బీనగర్ పరిసరాల్లోని ఏ మధ్యతరహా ఆసుపత్రి జనరల్ వార్డులోనైనా ఉదయం ఏడు, ఎనిమిది మధ్య డ్యూటీ మారే వేళ నిలబడి చూడండి. రాత్రంతా మేలుకున్న సిస్టర్ ఒక్కొక్క మంచం దగ్గర ఆగి, వచ్చిన సిస్టర్‌కు అప్పగింతలు చెబుతుంది. ఎవరికి మూత్రం ఎంత వచ్చింది, ఎవరు రాత్రి అన్నం ముట్టలేదు, ఎవరి సెలైన్ చేతి దగ్గర వాచింది, ఎవరి కొడుకు వస్తానని రాలేదు. ఈ చివరి వార్త కేసు షీటులో ఉండదు, కాని ఆ రోగికి బీపీ ఎందుకు పెరిగిందో చాలాసార్లు అదే చెబుతుంది.

వార్డులో మీ పిల్లవాడికి వాసనలు తెలుస్తాయి. బెడ్‌పాన్ అందించడం, చీము కారుతున్న పుండుకు డ్రెస్సింగ్ మార్చడం, వాంతి చేసుకున్న మనిషి దుప్పటి తీయడం, ఇవన్నీ దూరం నుంచి చూస్తాడు. ఇంకొకటి కూడా చూస్తాడు, అది ముఖ్యం. పెద్ద డాక్టరు రౌండ్లకు వచ్చినప్పుడు ఆ నర్సుతో ఎలా మాట్లాడతాడో చూస్తాడు. కొందరు "సిస్టర్, మీరేమనుకుంటున్నారు" అని అడుగుతారు. కొందరు ఆమె ముఖం కూడా చూడరు. ఈ ఇద్దరిలో తాను ఎవరిలా కావాలో ఆ పిల్లవాడు ఆ వయసులోనే నిర్ణయించుకుంటే, రాబోయే రోజుల్లో వార్డుల్లో మనుషులకు ఎంతో మేలు.

ఆ తరువాత సందులోని చిన్న క్లినిక్. నిపుణుడు కాదు, ఎంబీబీఎస్ చదివి అన్ని రోగాలూ చూసే మామూలు డాక్టరు. లేదా 2018 నుంచి నగరంలో నడుస్తున్న బస్తీ దవాఖానా. అక్కడ ఏ గుండే ఆగి మళ్లీ కొట్టుకోదు. జ్వరం, దగ్గు, షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, మళ్లీ జ్వరం. నలభైవ రోగికి కూడా మొదటి రోగికి ఇచ్చినంత శ్రద్ధ ఇవ్వాలి. "సూది వెయ్యండి సార్, గోళీలతో తగ్గదు" అని పట్టుబట్టేవారు, "నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెట్టండి" అని వచ్చేవారు, నిన్న మందుల షాపులో తెచ్చుకున్న యాంటీబయాటిక్ రెండు మాత్రలు వేసుకుని మానేసినవారు. వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ అక్కరలేదని చెప్పి, ఆ మనిషిని నొప్పించకుండా, ఫీజు తీసుకుని, నమ్మకం పోకుండా పంపించడం ఎంత కష్టమో చూడాలి. వైద్యంలో సగం మాటలే. మాట్లాడడమంటే చిరాకు పడే పిల్లలు కూడా ఈ వృత్తిలో రాణించవచ్చు, దానికి వేరే శాఖలు ఉన్నాయి. కాని తనది ఏ స్వభావమో ముందు తనకు తెలియాలి. విసుగును తట్టుకునే శక్తి తనలో ఉన్నదా లేదా అన్నది ఇటువంటి క్లినిక్‌లో మూడో సాయంత్రానికే తెలిసిపోతుంది.

హౌస్ సర్జన్‌ను మాత్రం వెంటాడవద్దు. రాత్రి క్యాజువాలిటీలోకి ఇంటర్ పిల్లలను పంపడం నేను ఒప్పుకోను. విజయవాడ హైవే మీద ప్రమాదం జరిగి 108 బండి వచ్చి ఆగినప్పుడు అక్కడ అదనపు మనిషికి చోటు ఉండదు, ఉండకూడదు కూడా. అందుకు బదులు డ్యూటీ దిగిన హౌస్ సర్జన్‌నో, పీజీ చేస్తున్న డాక్టరునో కోఠీలో ఒక ఇరానీ హోటల్‌కు పిలిచి, టీ ఇప్పించి, ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడించండి. తల్లిదండ్రులు పక్క టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకా మంచిది, లేకపోతే ఆ డాక్టరు నిజం చెప్పడు. ఎంబీబీఎస్ నాలుగున్నర ఏళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది, తరువాత మళ్లీ ఒక ప్రవేశ పరీక్ష, మూడేళ్ల పీజీ. పద్ధెనిమిదో ఏట సీటు వచ్చినవాడికి కూడా ఇరవై ఏడు దాటుతుంది. ఆ దారిలో సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి చెప్పే మాటకు, దారి దాటి నలభై ఏళ్లయిన నా వంటివాడు చెప్పే మాటకన్నా విలువ ఎక్కువ. మాకు కష్టాలు మరచిపోయే వయసు వచ్చింది.

ఇక మిగిలినవారు. ఫిజియోథెరపిస్టు, డయాలసిస్ టెక్నీషియన్, ల్యాబ్ టెక్నీషియన్, మందుల షాపులోని ఫార్మసిస్టు, బుధ, శనివారాల్లో పసిపిల్లలకు టీకాలు వేసే ఏఎన్‌ఎం, ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త. వీరి దగ్గర ఒక్కొక్క పూట చాలు. పక్షవాతం వచ్చిన మనిషి వేలు కదిలించడానికి ఆరు వారాలు ఓపిక పట్టే ఫిజియోథెరపిస్టు పనిలో నాకు కనిపించే వైద్యం ఎన్నో కన్సల్టేషన్ గదుల్లో కనిపించదు. డయాలసిస్ గదికి అవే ముఖాలు వారానికి రెండు మూడు సార్లు ఏళ్ల తరబడి వస్తాయి, టెక్నీషియన్‌కు వారి మనవల పేర్లు కూడా తెలుసు. రోగికి సేవ చేయాలన్న కోరిక నిజమైనదైతే అది తీరే దారులు ఎంబీబీఎస్ ఒక్కటే కాదని పిల్లలకు కళ్లతో చూస్తేనే తెలుస్తుంది. మనం నోటితో చెబితే "నీకు సీటు రాదులే" అన్నట్టు వినిపిస్తుంది.

ల్యాబ్ అనగానే యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకు వస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, సోదరులను రోగానికి కోల్పోయి, మద్రాసులో వైద్యం చదివిన ఆయన చేతికి చివరకు పూర్తి ఎంబీబీఎస్ పట్టా కాక ఎల్‌ఎంఎస్ వచ్చింది. క్లినిక్ పెట్టలేదు. అమెరికా వెళ్లి ప్రయోగశాలలోనే జీవితం గడిపారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిన కృషికి నాయకత్వం వహించారు. ఈనాడు గర్భిణికి ఇచ్చే చిన్న మాత్ర వెనుక ఆయన శ్రమ ఉన్నది. మంచం పక్కన నిలబడలేనివాడు రోగికి పనికిరాడని ఎవరైనా అంటే నేను ఆయన పేరు చెబుతాను.

ఎవరి వెంట ఉండకూడదో కూడా చెప్పాలి. సొంత మేనమామ డాక్టరైతే ఆయన దగ్గర వద్దు. ఆయన మీ పిల్లవాడికి కాఫీ తెప్పించి, ఆసక్తికరమైన కేసులు ఏరి చూపిస్తాడు. "ఈ వృత్తిలోకి రావద్దు, నాశనమైపోతావు" అని రోజుకు పది సార్లు అనే డాక్టరు దగ్గరా వద్దు. నిజానికి అటువంటివారిలో చాలామంది తమ పిల్లలను మెడిసిన్‌లోనే చేర్చారు. అలాగే "ఇదిగో బాబూ, సూది నువ్వు వెయ్యి, నేర్చుకుంటావు" అని సరదాగా చేతికి సిరంజి ఇచ్చేవారి దగ్గర ఒక్క క్షణం కూడా ఉండవద్దు. అది చట్టవిరుద్ధం, రోగికి ద్రోహం, మీ పిల్లవాడికి ప్రమాదం.

దీనికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఆసుపత్రి అధికారి అనుమతి, పద్ధెనిమిదేళ్లు నిండని పిల్లలకు తల్లిదండ్రుల సమ్మతి ముందే తీసుకోవాలి. తెల్లకోటు వద్దు, మెడలో స్టెతస్కోపు వద్దు. రోగి పొరపాటున కూడా "డాక్టరు బాబూ" అని పిలిచే అవకాశం ఇవ్వకూడదు. ప్రతి రోగికీ ఈ పిల్లవాడు ఎవరో చెప్పి, ఉండవచ్చునా అని అడగాలి. వద్దంటే, లేదా ఆ మనిషి ముఖంలో తటపటాయింపు కనిపిస్తే, బయటికి వెళ్లి నిలబడాలి. ఆడవారిని పరీక్షించేటప్పుడు చెప్పకముందే బయటికి వెళ్లాలి. ఫోను సంచిలోనే ఉండాలి, ఫొటో మాట తలపెట్టకూడదు. పుస్తకంలో రోగి పేరు రాయకూడదు. దేనినీ ముట్టుకోకూడదు. వెళ్లేముందు, వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. హెపటైటిస్ బి టీకాలు వేయించుకున్నాడో లేదో చూసుకోవాలి. ఎలాగూ మెడిసిన్‌లో చేరితే కావలసినవే. రోగి తన బాధ తీర్చుకోవడానికి వచ్చాడు, మన పిల్లవాడికి పాఠం చెప్పడానికి రాలేదు. ఇది గుర్తుంటే మిగిలిన నియమాలు వాటంతట అవే వస్తాయి.

"సమయం ఎక్కడిదండీ?" అని మీరు అడుగుతారు. సమయం ఉన్నది. నీట్ సాధారణంగా మే మొదట్లో జరుగుతుంది. ఫలితాలు జూన్‌లో వస్తాయి, కౌన్సెలింగ్ ఆ తరువాత. పరీక్ష రాసిన మరునాటి నుంచి పిల్లలు చేసేది నిద్రపోవడం, ఫోను చూడడం, కీతో మార్కులు సరిచూసుకుని దిగులుపడడం. లాంగ్ టర్మ్‌లో చేరాలా వద్దా అన్న నిర్ణయం కూడా సరిగ్గా ఆ వారాల్లోనే జరుగుతుంది, అదీ ఎక్కువగా తల్లిదండ్రులు, ఫీజు రాయితీ ఇస్తామని ఫోన్లు చేసే కోచింగ్ సెంటర్లు కలిసి చేస్తారు. ఆ వారాల్లో పది రోజులు చాలు. అయిదు రోజులు వార్డు, మూడు సాయంత్రాలు క్లినిక్, రెండు పూటలు మిగతావి. ఆ తరువాత ఫీజు సంగతి మాట్లాడుకోండి.

ఒక హెచ్చరిక. మొదటి రోజు కళ్లు తిరిగాయని, రక్తం చూసి చెమటలు పట్టాయని పిల్లవాడు మెడిసిన్‌కు పనికిరాడని తీర్మానించవద్దు. మొదటిసారి శవపరీక్ష చూసినప్పుడు నేను గోడకు ఆనుకుని జారిపోయాను. పక్కనున్న అటెండరు నీళ్లు చల్లి లేపాడు. తరువాత నలభై ఏళ్లు ఆ వృత్తిలోనే బతికాను. భయం పోతుంది. చూడవలసినవి వేరే ఉన్నాయి. నాలుగో రోజు ఉదయం ఎవరూ లేపకుండా లేచాడా? రాత్రి భోజనం దగ్గర ఏడో నంబరు మంచం మీద ఉన్న ముసలాయన గురించి తనంతట తాను ఏమైనా చెప్పాడా? లేక ఆసుపత్రి లిఫ్టు గురించి, డాక్టరు కారు గురించి మాత్రమే చెప్పాడా? కారు గురించి చెప్పినా తప్పేమీ కాదు, పద్ధెనిమిదేళ్లవాడు కారును చూడకుండా ఉండడు. కాని మంచం మీది మనిషి ఎక్కడో ఒకచోట ఆ మాటల్లోకి రావాలి.

ఈ ప్రాంతంలోని నా తోటి వైద్యులకు ఒక విన్నపం. డాక్టరు బాబాయి ఉన్న ఇంటి పిల్లలకు ఇవన్నీ ఎలాగో సమకూరుతాయి. దేవరకొండ నుంచి, సూర్యాపేట నుంచి, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉంటున్న పిల్లలకు ఈ ఊళ్లో ఒక్క డాక్టరు కూడా పరిచయం లేడు. మీ గదిలో ఒక మూల ఒక స్టూలు వేయండి. మే, జూన్ నెలల్లో ఎవరైనా వచ్చి అడిగితే కూర్చోనివ్వండి. పాఠాలు చెప్పనక్కరలేదు. మీరు మీ పని చేసుకుంటూ పొండి, వాళ్లు చూస్తారు. కొంచెం ఇబ్బందే. మనల్ని ఒకరు గమనిస్తున్నప్పుడు అనవసరమైన పరీక్ష రాయడానికి చెయ్యి ఆడదు. అందుకు కూడా ఆ స్టూలు మంచిదే.

ఆ నల్గొండ కుర్రవాడి సంగతి చెప్పలేదు కదూ. ఆ రోజు ఫీజు కట్టకుండా పది రోజులు ఆగమని ఆ తల్లిని బతిమాలాను. ఆమెకు ఇష్టం లేకపోయినా నా వయసు చూసి సరేనన్నది. నాకు తెలిసిన ఒక నర్సింగ్ హోమ్ వార్డులో అయిదు రోజులు, నా గదిలో మూడు సాయంత్రాలు, ఒక ఫిజియోథెరపీ కేంద్రంలో రెండు పూటలు గడిపాడు. మూడో చోట రెండు పూటలు అన్నది అతడు ఏడు పూటలు చేశాడు. చివరి రోజు వచ్చి, "సార్, తాతయ్యకు పక్షవాతమే. ఆయనకు ఇలా ఎవరైనా చేయించి ఉంటే లేచి కూర్చునేవాడేమో" అన్నాడు. కూర్చునేవాడో లేదో నేను చెప్పలేదు. ఇప్పుడు ఫిజియోథెరపీ డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాడు.

వాళ్లమ్మకు నా మీద ఇంకా కోపం ఉన్నది. కొడుకును చూడడానికి వచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర ఒకసారి ఎదురుపడి, తల తిప్పుకుని వెళ్లిపోయింది. అమ్మిన పొలం ఆమెది, ఆ కోపానికి ఆమెకు హక్కు ఉన్నది. నేను ఆమె స్థానంలో ఉంటే ఏం చేసేవాడినో నాకు తెలియదు. కుర్రవాడు మాత్రం ఆదివారాలు వస్తాడు, మూలనున్న స్టూలు లాక్కుని కూర్చుంటాడు. కిందటి వారం మోకాళ్ల నొప్పులతో ఒక పెద్దావిడ లోపలికి రాగానే, నేను చెప్పకముందే లేచి, ఆ స్టూలు ఆమె కాళ్ల కింద పెట్టి, బయటికి వెళ్లి నిలబడ్డాడు. ఛాతీలో మంట ఎలా ఉన్నదని అడగడం నేనే మరచిపోయాను.